పారయు నొక కవచమే

ఉక్కు కవచము దొడిగిన టాంకునకు మట్టి యండ యేల యని కొందఱు నవ్వవచ్చును. అట్టివారికి 1973వ సంవత్సరపు గోలన్ యుద్ధమును, 1991వ సంవత్సరపు గల్ఫు యుద్ధమును తగిన సమాధానము చెప్పగలవు.

1973 అక్టోబరు 6వ తేదీన సిరియా సేన గోలన్ పీఠభూమిపై విరుచుకుపడెను. ఆ సేనకు వేయికి మించిన టాంకులు గలవు. ఆనాడచ్చట ఇజ్రాయెలునకున్నవి రెండువందలకు లోపే. కాని ఇజ్రాయెలువారు గుట్టలపై మట్టి వాలుగట్టులను ముందుగనే కట్టియుంచిరి. టాంకు గట్టు వెనుకనుండి పైకెక్కి, ఫిరంగిని దాని గోపురమును మాత్రమే పైకి చూపి, గుండు పేల్చి, వెంటనే వెనుకకు జాఱి దాగును. ఉత్తరభాగమున నాలుగు దినముల ఘోరసమరమున సిరియా టాంకులు వందలకొలది నశించినవి. జయమంతయు మట్టిదే యనరాదు. ధైర్యమును, గుఱియు కావలెను. కాని మట్టి చాటు లేనిచో ఆ ధైర్యమునకు నాలుగు దినముల యాయువు దొరకుట దుర్లభము.

1991 ఫిబ్రవరిలో ఇరాకు సేనయు తన టాంకుల చుట్టు ఇసుక పోసెను. అమెరికా టాంకుల గుండ్లు ఆ యిసుకను, దాని వెనుకనున్న యుక్కును గూడ చీల్చివైచినవి. చదునైన యెడారిలో దిబ్బయే శత్రువునకు ఆనవాలయ్యెను. భేదమెచ్చట? గొయ్యి త్రవ్వి టాంకును నేలలోనికి దింపుట వేఱు. నేలపై నిలిపి చుట్టు మన్ను కుప్పవోయుట వేఱు. గట్టి నేల గుండు నాపును. వదులు కుప్ప యాపజాలదు. త్రవ్విన మన్నును దూరముగ చల్లవలెను. వెనుకకు దారి విడువవలెను. మాఱుటకు రెండవ గోతిని, మూడవ గోతిని సిద్ధపఱుపవలెను. ఒకే చోట నాటుకొన్న టాంకు కోట గాదు, సమాధి.

2022లో చెలరేగిన ఉక్రెయిను యుద్ధము మఱియొక పాఠము నేర్పినది. డ్రోను ఆకాశమునుండి దిగును గనుక నేడు ప్రక్కల గోడ చాలదు. పైన వలయు, కప్పును కావలెను.

మన సేనలోని టీ-72 టాంకునకు ముందుభాగమున నేలను త్రవ్వు పలక యమర్చబడియున్నది. అయినను గట్టి నేలలో, తక్కువ వ్యవధిలో, ఆ పని యింజనీరు దళములదే. 1780లో పుట్టిన మద్రాసు సాపర్ల దళమున మన తెలుగు యువకులును ఈ పనియే చేయుచున్నారు. టాంకులు కొనునపుడు మన్ను త్రవ్వు యంత్రములను గూడ లెక్కించుడు. శాంతికాలపు కవాతులలో పారకును వేళ కేటాయించుడు. ఫిరంగి పేల్చినవానికి పతకము దక్కుట న్యాయమే. వాని ప్రాణమునకు గొయ్యి త్రవ్వి కాపుగాచినవానిని మఱచుట మాత్రము న్యాయము గాదు.