పులి వేషం వేసినవాడు మనిషి కాడా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు, "కష్టపడి చదవండి, పైకి రండి" అని నాలుగు మంచి మాటలు రాసి పంపేద్దామనుకున్నాను. అలాంటివి ఈ సంచికలో ఎలాగూ ఇంకో పది ఉంటాయి. అందుకని ఈ హాస్టల్లో అయిదో తరగతి పాసై వచ్చిన రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా ఉండి కూడా ఏ మిత్రుడికీ చెప్పని ఒక సంగతి రాస్తున్నాను. చదివి నవ్వాలనిపిస్తే నవ్వండి. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

ఈమధ్య మా పీజీ హాస్టల్లో ఒక మిత్రుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అమెరికాలో ఒక నగరం. నక్కలు, తోడేళ్లు, కుందేళ్లు, పులులు వందల సంఖ్యలో రోడ్డు మీద నడిచి వెళ్తున్నాయి. అన్నీ మనుషులే. ఒళ్లంతా బొచ్చు బట్ట, పెద్ద తలకాయ, వెనక తోక. వాళ్లను 'ఫర్రీ'లు అంటారట. గదిలో ఉన్న ఏడుగురమూ పడీ పడీ నవ్వాం. ఒకడు "పిచ్చి ముదిరిందిరా" అన్నాడు. ఇంకొకడు "తిన్నది అరక్క" అన్నాడు. మరొకడు ఇక్కడ రాయకూడని మాట అన్నాడు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా నాన్న ఇరవై ఏళ్లు పెద్దాపురం వీధుల్లో పులి వేషం వేశాడు.

మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. అమ్మ సగ్గుబియ్యం మిల్లులో కూలికి వెళ్లేది. ఆషాఢం వచ్చి మరిడమ్మ తల్లి జాతర మొదలైతే, మళ్లీ దసరాకి, మా నాన్న పులి అయ్యేవాడు. మిగతా రోజుల్లో బస్తాలు మోసే మనిషిని ఆ రాత్రుల్లో ఊరంతా దారి ఇచ్చి చూసేది. అది ఆయనకు ఎంత గొప్పో నాకు చిన్నప్పుడు తెలియలేదు.

వేషం ఎలా వేస్తారో చాలామందికి తెలియదు కాబట్టి చెబుతాను. ముందు ఒంటి మీద వెంట్రుకలన్నీ తీసేయాలి. తర్వాత ఒళ్లంతా పసుపు రంగు పూత. అది ఆరేదాకా చేతులు రెండూ చాపి, కర్రల ఆసరాతో నిలబడాలి. కూర్చోకూడదు, ఒరగకూడదు. ఆరాక నల్ల చారలు, పొట్ట మీద తెలుపు. ఇదంతా గంటల పని. పాతకాలంలో పసుపు, దీపం మసి వాడేవారట. తర్వాత తలుపులకు వేసే ఆయిల్ పెయింటు వచ్చింది. అది చర్మం మీద పడితే ఒళ్లు మండుతుంది, చెమట బయటకు రాదు. ఆట అయ్యాక కిరసనాయిలు రాసి, సబ్బు రాసి, రుద్ది రుద్ది కడగాలి. తెల్లవారుజామున నూతి దగ్గర అమ్మ నాన్న వీపు రుద్దుతుంటే ఆయన పళ్లు బిగబట్టుకుని కూర్చోవడం నాకు బాగా గుర్తు. ఎంత కడిగినా చెవుల వెనక పసుపు నాలుగైదు రోజులు పోయేది కాదు.

ఆ పసుపే నన్ను పట్టిచ్చింది.

ఎనిమిదో తరగతిలో ఉండగా జాతర చూడడానికి హాస్టల్ పిల్లలమంతా వరసగా వెళ్లాం. డప్పుల మధ్య పులి వచ్చింది. నన్ను గుర్తుపట్టి మా వరస ముందుకొచ్చి గాండ్రించి, వెనక్కి వంగి నేల మీది పది రూపాయల నోటు నోటితో అందుకుంది. పిల్లలు కేకలు పెట్టారు. అంతలో మాలో ఒకడు తోక పట్టి లాగాడు. ఇంకొకడు "తాగుబోతు పులిరోయ్!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను, నా మీద ఎవరికీ అనుమానం రాకూడదని. మా నాన్న ఆ రోజు చుక్క తాగలేదు. జాతరలో వేషం కట్టిన రోజున ఆయన నీళ్లు తప్ప ఏదీ ముట్టడు. అది తల్లికి మొక్కు.

తర్వాతి ఆదివారం ఆయన హాస్టల్‌కి వచ్చాడు. చేతిలో పకోడీల పొట్లం. చెవుల వెనక పసుపు. "ఎవర్రా ఆయన?" అని పక్క మంచం వాడు అడిగితే "మా ఊరాయన" అన్నాను. నాన్న విన్నాడు. ఏమీ అనలేదు. "ఏరా పెద్దోడా, బాగా తింటున్నావా? పకోడీలు అందరూ తినండి" అని పొట్లం మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లలో హాస్టల్‌కి ఎప్పుడు వచ్చినా గేటు బయటే నిలబడి కబురు పంపేవాడు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ డిగ్రీ నాకు నేర్పని విషయం ఒకటుంది. మనం ఒకరిని చూసి నవ్వేటప్పుడు వాళ్ల గురించి మనకు తెలిసింది ఎంత? పులి వేషం గురించి నేను విన్న మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

మొదటి మాట: వేషగాళ్లంతా తాగుబోతులు. తాగేవాళ్లు లేరని నేను అబద్ధం చెప్పను. ఒంటి మంట తెలియకుండా తాగేవాళ్లు ఉన్నారు. కానీ వెనక్కి వంగి నేల మీది కాగితం నోటితో అందుకోవడం తూలేవాడి వల్ల అవుతుందా? డప్పు దరువు మారగానే అడుగు మార్చడం మత్తులో ఉన్నవాడి వల్ల అవుతుందా? ఒకరిద్దరు తాగితే వాళ్లను అనండి. వేషాన్ని అనకండి.

రెండో మాట: అది అడుక్కోవడం. కూటి కోసం కోటి విద్యలు అన్నారు మన పెద్దలు. విద్య చూపించి డబ్బు తీసుకుంటే అది అడుక్కోవడం ఎలా అవుతుంది? కాకినాడలో కొత్త బట్టల కొట్టు తెరిస్తే గుమ్మం దగ్గర ఎలుగుబంటి బొమ్మ వేషంలో ఒక కుర్రాడు నిలబడతాడు. పిల్లలు వాడికి చేతులు కలుపుతారు, పెద్దలు ఫొటోలు తీసుకుంటారు. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌కి 'అప్పు' అనే ఏనుగు పిల్ల దేశమంతటికీ ముద్దయింది. కంపెనీ వేయిస్తే ప్రచారం, ప్రభుత్వం వేయిస్తే చిహ్నం, మా నాన్న వేస్తే అడుక్కోవడమా?

మూడో మాట: అది తక్కువ వాళ్ల పని. ఈ మాటే అన్నిటికంటే లోతుగా దిగుతుంది. కేరళలో త్రిశ్శూరుకి వెళ్లి చూడండి. ఓణం నాలుగో రోజున పులికళి అని వీధులన్నీ పులులే. మంగళూరు, ఉడుపి వైపు 'పిలివేష' జట్లు పోటీలు పడి ఆడతాయి. ఒడిశాలో మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అక్కడ మొక్కుకున్నవాళ్లు పులి వేషంతో అమ్మవారి దగ్గరికి వెళ్తారు. మన జిల్లాల్లోనూ దసరాకి వేసినవాళ్లున్నారు, పీర్ల పండక్కి మొక్కుకుని వేసినవాళ్లున్నారు. పులికి ఒక కులం, ఒక మతం లేదు.

తమిళనాడులో తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరుంది. అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు నరసింహ జయంతికి తెలుగులోనే ప్రహ్లాద నాటకం ఆడతారు. నరసింహుడి ముఖం తొడుక్కునేవాడు ఉపవాసం ఉంటాడు. ఆ తొడుగుకు పూజ చేస్తారు. సింహం తల తొడుక్కున్న మనిషికి అక్కడ జనం దండం పెడతారు. మనం మాత్రం తక్కువా? అంతర్వేదిలోనూ, కోరుకొండలోనూ సింహం తల ఉన్న దేవుడికే కదా కొబ్బరికాయ కొడతాం! హనుమంతుడికి ఆకుపూజ చేస్తాం, జాంబవంతుణ్ణి తాతా అంటాం. జంతువు తల మీద మనకు చిన్నచూపు లేదు. ఆ తల కింద ఉన్న మనిషి ఎవరన్నదాన్ని బట్టే మన చూపు మారుతోంది. ఆలోచించండి.

నాలుగో మాట: జంతువు వేషం వేసేవాడికి మతి సరిగా ఉండదు. ఇక్కడ ఆ వీడియోలోని అమెరికా వాళ్ల దగ్గరికి వస్తాను. ఆ రాత్రి నిద్ర పట్టక వాళ్ల గురించి చదివాను. మనుషుల్లా మాట్లాడే, నడిచే జంతువుల కథలు, బొమ్మలు అంటే ఇష్టమున్నవాళ్లు వీళ్లు. పంచతంత్రంలో కరటక దమనకులు మాట్లాడితే చెవులప్పగించి విన్నవాళ్లం, ఆ ఇష్టం మనకు కొత్తదా? 1989లో కాలిఫోర్నియాలో వాళ్ల మొదటి సమావేశం జరిగింది. ఆంత్రోకాన్ అనే పెద్ద సమావేశం 2006 నుంచి పిట్స్‌బర్గ్ నగరంలో జరుగుతోంది. నిజానికి వాళ్లలో ఎక్కువ మందికి పూర్తి వేషమే ఉండదు. దాని ఖరీదు వేల డాలర్లు. బొమ్మలు గీసేవాళ్లు, కథలు రాసేవాళ్లు, కలుసుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లే ఎక్కువ. తాము జంతువులమని వాళ్లలో చాలామంది అనుకోరు. మా నాన్న తాను పులినని ఎప్పుడైనా అనుకున్నాడా?

కానీ వాళ్ల మీద పుట్టిన కట్టుకథలు చూడండి. పిల్లులమనుకునే పిల్లల కోసం బడి మరుగుదొడ్డిలో పిల్లులకు పెట్టే ఇసుక తొట్టె పెట్టారని 2021 డిసెంబరులో మిషిగన్ రాష్ట్రంలో ఒక బడి బోర్డు సమావేశంలో ఎవరో అన్నారు. అది అబద్ధమని ఆ బడుల అధికారి 2022 జనవరిలో ప్రకటించాడు. అయినా ఆ ఏడాది ఎన్నికల్లో నాయకులు అదే కథ ఊరూరా చెప్పారు. 2014 డిసెంబరులో చికాగో దగ్గర వాళ్ల సమావేశం జరుగుతున్న హోటల్లో ఎవరో క్లోరిన్ పొడి చల్లారు. విషవాయువుతో 19 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ వార్త వస్తుంటే ఒక టీవీ యాంకరు నవ్వు ఆపుకోలేక కుర్చీలోంచి లేచి వెళ్లిపోయింది. ఊపిరాడక ఆసుపత్రికి వెళ్లినవాళ్లను చూసి నవ్వు ఎలా వచ్చింది? ముందు నుంచీ వాళ్లను మనుషుల లెక్కలో వేయలేదు కాబట్టి వచ్చింది.

అదే జనం గురించి ఇంకో సంగతి చదివాను. 2016 మార్చిలో కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో ఇలాంటి సమావేశం జరిగిన హోటల్లోనే సిరియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కాందిశీకులు కూడా బస చేశారు. పిల్లలు జడుసుకుంటారేమోనని నిర్వాహకులు భయపడ్డారు. ఆ పిల్లలు పరిగెత్తుకొచ్చి ఆ నక్కల్ని, తోడేళ్లని కౌగిలించుకుని ఆడుకున్నారు. వేషం వెనక ఎవరున్నారని ఆ పిల్లలు అడగలేదు. పెద్దయ్యాక మనం నేర్చుకునే రోగం అది.

అమెరికా వాళ్ల వేషం, మా నాన్న వేషం ఒకటని నేను అనడం లేదు. వాళ్లది సరదా, మాది మొక్కు, దానితో పాటు కూలి. వాళ్లు వేల డాలర్లు పెట్టి బట్ట కొంటారు, మేము కిరసనాయిలు రాసుకుని రంగు కడుగుతాం. కానీ నవ్వేవాడి నవ్వు మాత్రం రెండు చోట్లా ఒకటే. చూడ్డానికి తీరిక ఉంటుంది, తెలుసుకోవడానికి ఉండదు.

ఒక పేరు మీద పడ్డ మచ్చ ఎలా ఉంటుందో మన ఊరి వాళ్లకు వేరే చెప్పాలా? బయట ఊరెళ్లి "మాది పెద్దాపురం" అంటే ఎదుటివాడి పెదవి చివర ఒక నవ్వు కనబడుతుంది. ఆ నవ్వు మీరంతా చూశారు. సంగీతం, నాట్యం, చదువు వచ్చిన కళావంతుల ఇళ్ల ఊరు మనది. వాళ్ల కళకు గౌరవం పోయింది, 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది, బతుకు దారి మారింది. జనం నోట్లో కళ పోయి వెకిలి నవ్వు ఒక్కటే మిగిలింది. పాండవుల మెట్ట ఉన్న ఊరు, పట్టు నేసిన ఊరు, చదువుకునే పిల్లలకు మహారాణి సత్రంలో అన్నం పెట్టిన ఊరు అని ఎవరికీ గుర్తు రాదు. దానికి తోడు మనం సంక్షేమ హాస్టల్ పిల్లలం. "గవర్నమెంటు తిండి తినేవాళ్లు" అన్న మాట ఎన్నిసార్లు విన్నాం! ఇన్ని నవ్వులు మోసిన మనం ఇంకొకరి మీద అదే నవ్వు ఎలా విసురుతున్నాం? ముందు ఆ ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను.

తమ్ముళ్లూ, నేను కోరేది పెద్దదేమీ కాదు. మీ ఇంట్లో డప్పు కొట్టేవాళ్లు, గరగ ఎత్తేవాళ్లు, వేషం కట్టేవాళ్లు ఉంటే దాచకండి. జాతరలో ఎవరి తోకా లాగకండి. వేషగాడి వీడియో తీసి ఎగతాళి మాటలు తగిలించి నలుగురికీ పంపకండి. వచ్చే వార్షికోత్సవానికి సినిమా పాటల డాన్సులు నాలుగు తగ్గించి, ఒక పులి ఆటకు చోటివ్వమని వార్డెన్ గారిని అడగండి. పూర్వ విద్యార్థులం మేము చందా వేసుకుని ఒంటికి హాని చేయని రంగులు కొనిస్తాం. నా వంతు ముందే ఇస్తున్నాను.

చిన్నప్పటి నుంచి ప్రతి దరఖాస్తులో 'తండ్రి వృత్తి' దగ్గర 'కూలీ' అని రాశాను. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. మొన్న ఒక దరఖాస్తులో 'కూలీ, పులి వేషం కళాకారుడు' అని రాశాను. గడి చాల్లేదు, పక్కకు రాశాను.

మా నాన్నకు ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. వేషం మానేసి మూడేళ్లయింది. ఈ వార్షికోత్సవానికి ఆయన్ని తీసుకొస్తున్నాను. ఈసారి గేటు బయట నిలబెట్టను. ముందు వరసలో కూర్చోబెడతాను. ఎవరైనా "ఎవర్రా ఆయన?" అని అడగండి. ఎనిమిదో తరగతిలో చెప్పాల్సిన జవాబు అప్పుడు చెబుతాను.