నెలకో జ్వరం... టానిక్కుతో తగ్గేనా?

'మా బాబుకి నెల తిరిగేసరికి జ్వరమండీ. అసలే ఎదుగుదల తక్కువ. ఒంట్లో శక్తి లేదు. బలానికేదైనా రాయండి!'

మార్కాపురం, కంభం, గిద్దలూరు... ఈ పడమటి ఊళ్లలో పిల్లల డాక్టర్లు తరచూ వినే మాటే ఇది. ఐదేళ్లొచ్చినా చంకన దిగని బిడ్డ, చేతిలో పాత చీటీల కట్ట. ఆ కట్టలో ఉన్నవి చాలావరకు టానిక్కులే. ఎర్రది పని చేయలేదని పచ్చది, అదీ పని చేయలేదని డబ్బాలో పొడి. కరోనా తర్వాత వీటికి 'ఇమ్యూనిటీ బూస్టర్' అని కొత్త పేరొకటి వచ్చింది. కూలి డబ్బులు వీటికే సరి. జ్వరం మాత్రం మళ్లీ వస్తుంది.

ఎందుకు? పెరటి తలుపు తీసిపెట్టి వీధి తలుపుకు రెండు తాళాలు వేసినట్టుంది వ్యవహారం. ఎదుగుదల లోపం ఉన్న పిల్లల్లో జబ్బు లోపలికి వచ్చే దారి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ముందు ఆ దారేదో కనిపెట్టాలి.

నిజంగానే రక్షణ శక్తి తక్కువగా ఉండే పిల్లలున్నారు. డౌన్ సిండ్రోమ్ అందులో మొదటిది. 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడుండటం వల్ల వచ్చే స్థితి ఇది. వీళ్లలో రోగాలతో పోరాడే తెల్ల కణాలకు శిక్షణనిచ్చే థైమస్ గ్రంథి చిన్నదిగా ఉంటుంది. ఆ కణాల లెక్కా తక్కువే. ముక్కు, చెవి దారులు ఇరుకు. అందుకే రొంప పట్టిందంటే చెవిలో చీముదాకా వెళ్తుంది. దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. గుండెలో రంధ్రముంటే ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువ పారి న్యుమోనియాకు తోవ ఏర్పడుతుంది. 2020లో బ్రిటన్ ప్రభుత్వం కరోనా ముప్పు అత్యధికంగా ఉన్నవారి జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉన్న పెద్దవాళ్లను చేర్చిందంటే ఈ బలహీనత ఎంత నిజమో తెలుస్తుంది. కాబట్టి ఇలాంటి బిడ్డకు గుండె స్కానింగ్ చేయించారా, ఏడాదికోసారి థైరాయిడ్ పరీక్ష జరుగుతోందా, చెవులు చూపించారా అన్నవి ముందు అడగాల్సిన ప్రశ్నలు. టానిక్కు ప్రశ్న ఆ తర్వాత!

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కథ వేరు. వీళ్లలో చాలామందికి రక్తంలో లోపమేమీ ఉండదు. జబ్బు వచ్చేది అన్నం ముద్దతో. వినడానికి విచిత్రంగా ఉన్నా నిజమిదే. మెడ నిలవదు, నాలుక మాట వినదు, మింగడం సరిగ్గా కుదరదు. పాలో నీళ్లో గొంతులో దారి తప్పి కాస్త కాస్తగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. దాంతో మాటిమాటికీ దగ్గు, ఆయాసం, జ్వరం. 'శక్తి లేదు' అని ఇంకో గ్లాసు పాలు పడుకోబెట్టి పోస్తారు. ఇంకాస్త లోపలికి పోతుంది!

మన ఇళ్లలో పసిబిడ్డను చాచిన కాళ్ల మీద వేసుకుని ఉగ్గు పోయడం అలవాటు. నడవని బిడ్డకు ఆరేళ్లొచ్చినా అమ్మో అమ్మమ్మో అదే పద్ధతిలో తినిపిస్తుంటారు. ప్రేమకు లోటు లేదు గానీ ఈ పిల్లలకు ఆ భంగిమే ప్రమాదం. కూర్చోబెట్టి, వీపుకు, మెడకు ఆనిక ఇచ్చి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి చిన్న చెంచాతో పెట్టాలి. ఒక ముద్ద మింగాకే ఇంకోటి. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పల్చటి నీళ్లకంటే రాగిజావంత చిక్కదనమున్నవి కొందరు తేలిగ్గా మింగుతారు. ఎంత చిక్కగా ఉండాలో థెరపిస్టు చూసి చెప్పాలి. తినేటప్పుడు దగ్గుతున్నా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, తాగాక గొంతులో గురగుర వినిపించినా అది గుర్తించాల్సిన లక్షణం. ఫిట్స్ వస్తున్నప్పుడు, సగం నిద్రలో ఉన్నప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు.

పళ్లు తోమడాన్ని చాలామంది పట్టించుకోరు. బిడ్డ కొరుకుతాడనో, ఏడుస్తాడనో వదిలేస్తారు. నోట్లో పెరిగిన క్రిములే లాలాజలంతో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. రెండు పూటలా పళ్లు శుభ్రం చేయడం ఈ పిల్లలకు అందం కోసం కాదు, న్యుమోనియా తగ్గడం కోసం.

ఇక ఆటిజం. ఇక్కడ సమస్య మొండితనంలా కనిపిస్తుంది. తెల్లన్నం తప్ప ముట్టడు, బిస్కెట్ తప్ప కొరకడు, కూర ముక్క తగిలితే కక్కేస్తాడు. అది పెంకితనం కాదు. రుచి, వాసన, మెత్తదనం ఆ పిల్లలకు మనకు తెలిసినట్టు తెలియవు. ఏళ్ల తరబడి రెండు మూడు రకాలే తిన్న ఆటిజం పిల్లల్లో స్కర్వీ బయటపడిన సంగతి వైద్య పత్రికల్లో ఉంది. ఎప్పుడో ఓడల్లో నావికులకు వచ్చిన జబ్బు! ఏమీ తినడం లేదని లీటరు పాలు పట్టడం ఇంకో పొరపాటు. పాలలో ఇనుము బాగా తక్కువ. పైగా పొట్ట నిండిపోయి అన్నం మీద ధ్యాస పోతుంది. పాలు రోజుకు అరలీటరు దాటకపోతే మంచిది. కొత్త పదార్థాన్ని బలవంతంగా కాకుండా, ఇష్టమైన దాని పక్కనే గోరంత పెట్టి రోజూ చూపిస్తూ పోవాలి. పది పదిహేనుసార్లు పట్టొచ్చు. కందిపప్పు పండే నేల ఇది. మెత్తగా మెదిపిన పప్పన్నంలో కాస్త నూనె, గుడ్డు, పిండిన నిమ్మరసం చేరితే డబ్బా పొడి చేయలేని పని చేస్తాయి. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, బాలామృతం ఈ బిడ్డకూ హక్కే. ఐరన్ సిరప్, ఆర్నెల్లకోసారి విటమిన్-ఎ, ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో వేసే నులిపురుగుల మాత్ర కూడా అంతే. బడికి వెళ్లని బిడ్డ ఆ రోజున లెక్కలో తప్పిపోతుంటాడు. అడిగి వేయించుకోవాలి.

టీకాల విషయంలో జరిగే పొరపాటు మరీ బాధ కలిగిస్తుంది. 'ఫిట్స్ ఉన్నాయి కదా, సూది వద్దులే' అని ఎవరో అంటారు. అక్కడితో ఆగిపోతుంది. అందరికంటే ఎక్కువ అవసరమున్న బిడ్డే టీకా లేకుండా మిగులుతాడు. డౌన్ సిండ్రోమ్‌కు గానీ, నిలకడగా ఉన్న సెరిబ్రల్ పాల్సీకి గానీ, మందులతో అదుపులో ఉన్న ఫిట్స్‌కు గానీ టీకాలు ఆపనక్కర్లేదు. ఫిట్స్ అదుపులో లేకపోతేనో, కారణం తెలియని నరాల జబ్బు ముదురుతుంటేనో కోరింత దగ్గు టీకా గురించి డాక్టరు నిర్ణయిస్తారు. న్యుమోనియా టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితం. ఫ్లూ టీకా మాత్రం డబ్బు పెట్టి ఏటా వేయించాలి. టానిక్కుల ఖర్చులో ఒక భాగం దానికి మళ్లిస్తే చాలు.

ఈ ప్రాంతంలో నీళ్ల సంగతి మాట్లాడకుండా ఆరోగ్యం మాట్లాడలేం. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న పల్లెలు ఇక్కడ చాలా. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకాస్త చిక్కబడుతుంది. ప్లాంటు నీళ్ల క్యాను తెచ్చుకుంటే ఫ్లోరైడ్ తగ్గుతుంది. కానీ మూత తీసి చెయ్యి ముంచితే విరేచనాలు ఖాయం. ప్లాంటు నీళ్లనే మరిగించి చల్లార్చి బిడ్డకు ఇవ్వడం మేలు. పలకల పనిలో ఉన్న నాన్న ఇంటికి రాగానే దుమ్ము బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. తాతయ్య చుట్ట, కట్టెల పొయ్యి బిడ్డ పడుకునే చోటికి దూరంగా ఉండాలి. నలుగురూ చూస్తారని నాలుగ్గోడల మధ్యే ఉంచిన బిడ్డకు ఎండ తగలదు. కొన్ని ఫిట్స్ మందులు కూడా విటమిన్-డిని తగ్గిస్తాయి. బిడ్డను వాకిట్లోకి తేవడం కూడా వైద్యమే.

జ్వరం రాగానే సూది వేయించే అలవాటొకటి. రెండు గంటల్లో బిడ్డ లేచి ఆడుకుంటే ఆ సూదిలో స్టెరాయిడ్ ఉందేమో అడగాలి. మాటిమాటికీ స్టెరాయిడ్ వాడితే ఉన్న రోగనిరోధక శక్తి కూడా తగ్గుతుంది.

ఇంత చేసినా ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా, నాలుగుసార్లు చెవి చీము, చర్మం లోపల గడ్డలు, రెండు నెలలు యాంటీబయాటిక్ వాడినా తగ్గకపోవడం వంటివి కనిపిస్తే అప్పుడు రోగనిరోధక లోపం పరీక్షలు చేయించాల్సిందే. డిజార్జ్ సిండ్రోమ్, అటాక్సియా టెలాంజియెక్టేసియా వంటి అరుదైన జబ్బుల్లో ఎదుగుదల లోపం, రోగనిరోధక లోపం రెండూ కలిసే ఉండొచ్చు. రెండోది మేనరికాల్లో పుట్టిన పిల్లల్లో వచ్చే అవకాశం ఎక్కువ. అలాంటి అనుమానమున్నప్పుడు కొన్ని టీకాలు డాక్టరును అడిగాకే వేయించాలి.

పరీక్షలంటే మార్కాపురం వాళ్లు ఒంగోలో గుంటూరో, గిద్దలూరు వాళ్లు నల్లమల దాటి నంద్యాలో వెళ్లాలి. ఒకరోజు కూలి పోతుంది. అంతకుముందే మండలంలోని భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఏ రోజుల్లో ఉందో కనుక్కోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల దాకా ఉచితంగా పరీక్షించి పెద్దాసుపత్రికి పంపుతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవారికి నేషనల్ ట్రస్టు నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది. థెరపీ, మందుల ఖర్చులకూ వర్తిస్తుంది.

ప్రయాణానికి ముందు ఒక పని. పాత నోటు పుస్తకంలో జ్వరం వచ్చిన తేదీ, ఎన్ని రోజులుంది, ముందు రోజు ఏం తిన్నాడు, తినేటప్పుడు దగ్గాడా, ఏ మందు వేశారు అన్నవి రాసుకుంటూ రావాలి. మూడు నెలల రాతను, టీకాల కార్డును డాక్టరు ముందు పెడితే పాత చీటీల కట్ట చెప్పలేని సంగతి అది చెబుతుంది.