వరద బురదలో పనిచేసేవాళ్లకి ఐపీ68 ఫోన్ ఇస్తే సరిపోతుందా?

2024 సెప్టెంబర్ వరదలు అనగానే మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి గుర్తొచ్చేది డ్రోన్లే. విజయవాడ కాలనీల్లో మేడల మీదికి అన్నం పొట్లాలు చేర్చాయి, మంచి పనే. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వెళ్లిన ఆ రోజుల్లో, దిగువన తోట్లవల్లూరు మండలంలోని లంకలూ మునిగాయి. నీళ్లు తీశాక బురదలోకి దిగింది మాత్రం పారిశుద్ధ్య కార్మికులు, లైన్‌మెన్లు. వాళ్ల కోసం మన ఫోన్లలో ఏముంది?

స్పెక్స్ షీట్‌లో ఐపీ68 ఉంటుంది. ఆ టెస్ట్ ల్యాబ్‌లో, మంచినీళ్లలో చేస్తారు. డ్రైనేజీ కలిసిన బురద ఆ లెక్కలోకి రాదు. పైగా తడి రబ్బరు గ్లవ్స్‌తో చాలా టచ్‌స్క్రీన్లు సరిగా పనిచేయవు. హాజరు వేయాలన్నా, ఫోటో పెట్టాలన్నా గ్లవ్స్ తీయాల్సిందే. చేతి మీద చిన్న గీరుడు ఉంటే చాలు, ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ బ్యాక్టీరియా ఒంట్లోకి దూరుతుంది. సేఫ్టీ యాప్ అని పేరు పెట్టి గ్లవ్స్ విప్పించడం ఏం డిజైనో!

ఈ జబ్బులో ఇంకో తిరకాసు ఉంది. జ్వరం సాధారణంగా 5 నుంచి 14 రోజుల తర్వాత బయటపడుతుంది. విజయవాడ క్లీనింగ్‌కి వేరే మున్సిపాలిటీల నుంచి కూడా కార్మికులను రప్పించారు. పని అయ్యాక ఎవరి ఊరు వాళ్లది. అక్కడ జ్వరం వస్తే మామూలు వైరల్ అనుకుని మాత్రలిచ్చి పంపేయొచ్చు. వరద నీళ్లలో దిగావా అని డాక్టర్ అడగాలి, లేదా ఈయనే గుర్తుపెట్టుకుని చెప్పాలి.

అమెరికాలో నియోష్ అనే ప్రభుత్వ సంస్థ రూపొందించిన 'ఎమర్జెన్సీ రెస్పాండర్ హెల్త్ మానిటరింగ్ అండ్ సర్వైలెన్స్' పద్ధతిలో పనికి ముందు, పనిలో, పని ముగిశాక కూడా ఆరోగ్యం గమనిస్తారు. మనకి ఆ మూడోది వెంటనే కావాలి. స్మార్ట్‌వాచ్‌లు అక్కర్లేదు. పనిలో చేరిన రోజే నంబర్ రాసుకుని, పని అయ్యాక కనీసం రెండు వారాలు రోజు విడిచి రోజు తెలుగులో ఆటోమేటిక్ కాల్ చేయాలి: జ్వరం ఉంటే 1 నొక్కండి. కీప్యాడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. నొక్కగానే డాక్టర్‌కి చూపించుకోడానికి ఒక ఎస్ఎంఎస్ రావాలి, ఏ తేదీల్లో వరద నీళ్లలో పనిచేశారో అందులో ఉండాలి.

కోడింగ్ పరంగా ఇది పెద్ద పనేం కాదు. అసలు చిక్కు డేటా ఎవరి చేతికి వెళ్తుందన్నది. జ్వరం అని నొక్కితే రేపు పనికి పిలవరేమో అనుకుంటే ఎవరూ 1 నొక్కరు. అందుకే ఆ జవాబులు ఆరోగ్య శాఖకే వెళ్లాలి, కాంట్రాక్టర్‌కి లాగిన్ కూడా ఇవ్వకూడదు.