లెక్కలు పైకి వెళ్తున్నాయి, పక్క గదికి వెళ్ళడం లేదు

ఏడో నెల రాగానే ఆడపిల్లను పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళడం మన ఆనవాయితీ. చీరల సంచిలో మాతా శిశు సంరక్షణ కార్డు కూడా పెడతారు. బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అంకెలన్నీ అందులోనే ఉంటాయి. తొందరలో ఆ కార్డు అత్తింట్లో ఉండిపోయిందంటే, పుట్టింటి ఊరి ఏఎన్ఎంకు ఆ అమ్మాయి కొత్త మనిషి. ఆమెకు రక్తం తక్కువని అత్తింటి ఊరి ఆశా కార్యకర్తకు కంఠతా తెలుసు. పురుడు పోసే చోట ఆ సంగతి తెలియాలి. కాస్త ఉన్నవాళ్ళయితే ప్రైవేటు ల్యాబులో మళ్ళీ పరీక్షలు చేయించుకుంటారు. లేనివాళ్ళకు ఆ కార్డే దిక్కు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సమాచారం లేక వచ్చిన ఇబ్బంది కాదిది. గర్భిణుల వివరాలు ఆరోగ్యశాఖ పోర్టల్‌లో, పోషకాహారం లెక్క అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్‌లో, బియ్యం లెక్క పౌరసరఫరాల దగ్గర, తాగునీటి పరీక్షలు గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర ఉన్నాయి. ఇల్లు ఒకటే, రిజిస్టర్లు నాలుగు. ఏ శాఖ లెక్క ఆ శాఖ జిల్లాకు, అక్కణ్ణుంచి రాజధానికి పంపుతుంది. పక్క గదిలో కూర్చున్న ఉద్యోగికి మాత్రం అది అందదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్నే చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి కుటుంబాలను గుల్ల చేస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగినా, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, హిరమండలం నుంచి నీళ్ళు తెచ్చే పథకం ఒకే రోజు ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ ఏ వీధిలో కొత్త రోగులు బయటపడుతున్నారో ఆస్పత్రి పుస్తకం చెబుతుంది, ఆ వీధి ఇన్నాళ్ళూ ఏ బోరు నీళ్ళు తాగిందో నీటి సరఫరా ఇంజినీరుకు తెలుసు. ఎవరు ఏ పొలంలో ఎండన పడి ఎన్ని గంటలు పనిచేస్తారో ఊరివాళ్ళకు తెలుసు. ఈ మూడూ ఒక బల్ల మీదికి రానిదే కొత్త నీళ్ళు మేలు చేశాయో లేదో కూడా చెప్పలేం.

పంచుకుంటే ఏమవుతుందో బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరం చూపింది. కొట్లాటల్లో గాయపడి ఆస్పత్రికి వచ్చేవారిలో చాలామంది పోలీసుల దాకా వెళ్ళడం లేదని జొనాథన్ షెపర్డ్ అనే సర్జన్ గమనించారు. దెబ్బ ఎక్కడ తగిలింది, ఎప్పుడు, దేనితో అన్న మూడు ప్రశ్నలు అత్యవసర విభాగంలో అడగడం మొదలుపెట్టారు. పేర్లు తీసేసి ఆ జవాబులను పోలీసులకు, నగరపాలక సంస్థకు ఇచ్చారు. గొడవలు ముదిరే వీధుల్లో గస్తీ పెరిగింది. హింస వల్ల ఆస్పత్రిలో చేరేవారు ఆ తరహా 14 నగరాలతో పోల్చితే 42 శాతం తగ్గారని 2011లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పెద్ద యాప్ ఏదీ కాదు, మూడు ప్రశ్నలూ ఒక ఉమ్మడి సమావేశమూ ఆ పని చేశాయి.

అలాగని అందరి జబ్బుల చిట్టా అందరికీ ఇవ్వకూడదు. క్షయ ఉందని పొక్కితే పెళ్ళి సంబంధం చెడిపోయే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. అందుకే గీత స్పష్టంగా ఉండాలి. వైద్యం చేసేవారికే, అదీ రోగి ఒప్పుకుంటేనే, పేరు తెలియాలి. ప్రణాళిక వేసేవారికి ఊరివారీ అంకెలు చాలు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. దాన్ని ఫైలు ఇవ్వకపోవడానికి సాకుగా వాడుకోకూడదు.

కొత్త భవనాలు, కొత్త పోర్టళ్ళు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయ వ్యవస్థలో ఏఎన్ఎం, ఇంజినీరింగ్ అసిస్టెంట్, సంక్షేమ సహాయకుడు ఇప్పటికే ఉన్నారు. ఏఎన్ఎం, ఆశా, అంగన్‌వాడీ కలిసి కూర్చునే గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినం రెండు రాష్ట్రాల్లోనూ నెలనెలా జరగాలి. ఆ రోజు ఇంకో గంట కేటాయించి, పురిటికి వచ్చినవారు, వెళ్ళినవారు, వలసపోయినవారు ఎవరో సరిచూసుకోవాలి. నీటి పరీక్ష ఫలితాన్ని జ్వరాల లెక్క పక్కన పెట్టి చదవాలి. కలెక్టర్లు ఒక్క ఉత్తర్వుతో దీన్ని మొదలుపెట్టగలరు. ఇక పురిటికి వెళ్ళే పిల్ల కంటే ముందు ఆమె వివరాలు పుట్టింటికి చేరాలి.