కెంపు, నీలం, నోవాముండి ఎర్రరాయి

జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్ల వేళ్లకు కూడా రాళ్ల ఉంగరాలు ఎక్కువయ్యాయి. ఏలినాటి శని అనగానే నీలం, ఉద్యోగంలో చిక్కు అనగానే కెంపు. అమ్మేవాళ్లు ఇప్పుడు మంత్రాల మాట తగ్గించి, "స్ఫటికంలో అయాన్ల అమరికే గ్రహకిరణాలను లాగుతుంది" అని సైన్సు మాట్లాడుతున్నారు. సరే, ఆ అమరికే చూద్దాం.

కెంపు సూర్యుడిది, నీలం శనిది. తండ్రీకొడుకులే అయినా ఇద్దరికీ పడదట, అందుకని రెండూ కలిపి పెట్టుకోకూడదట. కానీ రెండూ ఒకే ఖనిజం, కురువిందం! (ఇంగ్లీషువాళ్ల కొరండం మన దక్షిణాది నుంచి వెళ్లిన మాటే.) ఇందులో ఆక్సిజన్ అయాన్లు బండి మీద బత్తాయిలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటాయి. పొరల మధ్య, చుట్టూ ఆరేసి ఆక్సిజన్లున్న సందులుంటాయి. ప్రతి మూడు సందుల్లో రెండింట్లో అల్యూమినియం అయాన్లు చేరతాయి, మూడోది ఖాళీ. ఎందుకలా? అల్యూమినియం మీద మూడు ధనావేశాలు, ఆక్సిజన్ మీద రెండు ఋణావేశాలు. ఇటు రెండు మూళ్లు ఆరు, అటు మూడు రెళ్లు ఆరు. నాబోటి పద్దుల మనిషికి ఇంతకంటే ముచ్చటైన జమాఖర్చు ఉండదు.

నూటికి ఒక అల్యూమినియం చోట క్రోమియం చేరితే చాలు, కెంపు. ఇనుము, టైటానియం కొద్దికొద్దిగా పక్కపక్కన చేరితే నీలం. సూర్యుడికీ శనికీ ఉన్న వైరమంతా ఈ కాస్త కల్తీలోనే ఉందా?

ఇంకా ఉంది. అల్యూమినియం స్థానాలన్నిట్లో ఇనుమే కూర్చుంటే అది హెమటైట్, అంటే నోవాముండి నుంచి వ్యాగన్లలో మన ఫర్నేసులకు వచ్చే ఎర్రరాయి. అమరిక అదే. 1925లో పౌలింగ్, హెండ్రిక్స్ ఈ రెండింటి నిర్మాణాన్నీ ఎక్స్‌రేలతో ఒకే వ్యాసంలో తేల్చారు. పైగా ఇనుము శని లోహమని జ్యోతిష్కులే అంటారు. ఆ లెక్కన శని ప్రీతికి టన్నుల కొద్దీ రాయి మన ఊరికి రోజూ వస్తోంది. అయినా నాకు తెలిసిన ఒక రిటైర్డ్ కార్మికుడు పీఎఫ్ డబ్బుతో నీలం కొన్నాడు.

1902లో వెర్నూయ్ కృత్రిమ కెంపు తయారీ పద్ధతిని ప్రకటించాడు. హెచ్‌ఎంటీ వాచీల్లో "17 జ్యువెల్స్" అని రాసేవారే, అవి అలాంటి రాళ్లే. అవే అయాన్లు, అదే అమరిక. "అది పనిచేయదు, సహజమైనదే కావాలి" అంటాడు దుకాణదారు. అయ్యా, అమరిక ఒకటే అయినప్పుడు, ఇందులో ఉండి అందులో లేని ఆ శక్తి ఏమిటో బిల్లు మీద రాసిస్తారా?