పొరుగింటి మూగజీవి

కొట్టుటయే హింసయని మనలో పెక్కుర నమ్మకము. పొరుగింటి కుక్క పగలంతయు ఎండలో గొలుసుకు కట్టుబడి యుండును. నీళ్ల మూకుడు ఎండియుండును. రాత్రి అది ఏడ్చినచో మనము కిటికీ మూసికొందుము. యజమాని దానిని కొట్టుటలేదు గదా, పరుల యింటి విషయము మనకేల యని సమాధానపడుదుము.

చట్టము అట్లు తలపలేదు. రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితముగా 1960లో వెలసిన జంతు హింసా నివారణ చట్టము, చాలినంత తిండి, నీరు, నీడ ఒసగకపోవుటను, ఎల్లప్పుడును కట్టియుంచిన కుక్కను త్రిప్పకపోవుటను గూడ నేరములుగనే పేర్కొన్నది. అయినను తొలి నేరమునకు జుల్మానా 10 మొదలు 50 రూపాయలే. చట్టము చేయి ఇంత చిన్నదైనపుడు ఇరుగుపొరుగుల బాధ్యత పెద్దది.

నన్నయ భారతారంభమున సరమ కథ కలదు. జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిన తన బిడ్డకై ఆ శునకమాత రాజుకడకేగి న్యాయమడిగినది. నేటి కుక్కకు ఆ నోరు లేదు. దాని పక్షమున మాటాడవలసినది పొరుగువారే.

ఆ మాట నిందతో మొదలు కారాదు. యజమాని రోగియై యుండవచ్చును. పనిభారమున తీరికలేని వాడై యుండవచ్చును. “మీరు లేనపుడు మేము నీళ్లు పెట్టుదుమా?” అని అడుగుట తొలిమెట్టు. అప్పటికిని మార్పు లేకున్న ఫిర్యాదు చేయుట తప్పుకాదు. భూతదయపై వ్యాసములు వ్రాయించు ఉపాధ్యాయులు, వ్రాయు విద్యార్థులు ఈ చిన్న సంభాషణను గూడ అభ్యసింపవలెను. పొరుగువాని తలుపు తట్టలేని దయ కాగితముపైననే నిలిచిపోవును.