ముంగిట్లో ఊదారంగు సజ్జ

సజ్జ అనగానే మనకు రొట్టె, సంకటి, అంబలి గుర్తుకు వస్తాయి. వరి అన్నం దొరకని రోజుల్లో మన పెద్దల కడుపు నింపిన గింజ ఇది. అందుకే చాలామంది దీనిని పేదవాని తిండిగా చిన్నచూపు చూశారు. కాని ఇదే సజ్జను ఇతర దేశాలలో పూలమొక్కల సరసన అలంకారానికి పెంచుతున్నారంటే నమ్ముతారా?

అలంకార సజ్జలలో పేరుపొందినది 'పర్పుల్ మెజెస్టీ' అనే సంకర రకం. దీని ఆకులు, కాండం, కంకి అన్నీ ముదురు ఊదారంగులో ఉంటాయి. అమెరికాలో మేలైన తోట రకాలకిచ్చే ఆల్ అమెరికా సెలెక్షన్స్ బంగారు పతకం దీనికి 2003లో లభించింది. దీనిని రూపొందించిన నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త డేవిడ్ ఆండ్రూస్, అంతకుముందు మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనే సజ్జ మీద పరిశోధన చేశారు. 1972లో ఏర్పడిన ఆ సంస్థ విత్తన భాండాగారంలో 24 వేలకు పైగా సజ్జ నమూనాలు భద్రంగా ఉన్నాయి. భానూరు వారికి అది పొరుగే గదా!

చిన్న ముంగిలి, మెండుగా ఎండ, కొద్దిపాటి నీరు. కర్మాగారాల నడుమ క్వార్టర్లలో ఉండే కుటుంబాలకు సాధారణంగా ఉండేది ఇంతే. అటువంటి ఇంటికి ఏ మొక్క మంచిదని అడిగితే మేము సజ్జ పేరే చెబుతాము. ఇది ఒక్క కారులో పెరిగి, కంకి వేసి, ఎండిపోయే మొక్క.

తొలకరి పడ్డాక జూన్, జూలైలలో విత్తడం మేలు. నీటి వసతి ఉంటే చలి తగ్గాక ఫిబ్రవరిలోనూ విత్తవచ్చును. చలిలో మాత్రం గింజ సరిగా మొలవదు. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపండి. అర అంగుళం లోతున గింజలు వేసి పలుచగా మట్టి కప్పండి. నాలుగైదు రోజులలో మొలకలు వస్తాయి. నారు పోసి నాటదలిస్తే మూడు వారాలు దాటనీయకండి. వేళ్లు ఇరుకున పడితే మొక్క గిడసబారి, ముందే కంకి వేస్తుంది. నేలలోనైతే మొక్కకు మొక్కకు అడుగు దూరముంచాలి. పెద్ద కుండీకి ఒక మొక్క చాలును.

రంగు రహస్యమంతా ఎండలోనే ఉంది. ఊదారకం మొలకలు మొదట పచ్చగానే కనిపిస్తాయి. చూసి నిరాశపడవద్దు. రోజంతా ఎండ తగిలేచోట ఉంచితే ఆకు క్రమంగా ఊదారంగుకు తిరుగుతుంది. నీడలో పెడితే పచ్చగానే మిగిలిపోతుంది. పై మట్టి ఆరినప్పుడే నీరు పోయండి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

కంకిలో గింజలకు బదులు చిన్న ఆకులు వస్తే అది వెర్రికంకి తెగులు. ఆ మొక్కను వెంటనే పీకి కాల్చివేయండి. కంకి నుండి జిగురు కారితే తేనెబంక తెగులు. తరువాత అందులో ఏర్పడే నల్లని గట్టి ముద్దలు విషపూరితం. వాటిని పశువులకు, కోళ్లకు పెట్టరాదు. మందు పట్టించి రంగు వేసిన విత్తనాలను పిల్లలకు అందకుండా దాచండి.

ఆరోగ్యంగా ఉన్న కంకులలో కొన్నిటిని కోసి, నీడలో తలక్రిందులుగా వ్రేలాడదీసి ఆరబెడితే పూలకూజాలో చాలాకాలం నిలుస్తాయి. మిగిలినవి పిచ్చుకలకు, చిలుకలకు వదలండి. సంకర రకం గింజలను దాచి మరుసటి ఏడు విత్తితే అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు. పైగా సజ్జ పుప్పొడి గాలికి వ్యాపించి ప్రక్క రకాలతో కలుస్తుంది. కనుక ఏటా కొత్త విత్తనం తెచ్చుకోవాలి.

ఊదారకం దొరకకపోయినా బాధలేదు. రైతు దగ్గర గుప్పెడు నాటు సజ్జలు అడిగి తెచ్చి వేయండి. పచ్చని ఆకుల నడుమ నిటారుగా లేచే కంకి కూడా కనులకు విందే. మన దేశం కోరగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కాని ఈనాటి మన పిల్లలలో సజ్జ మొక్కను గుర్తుపట్టేవారెందరు? ఒక్క కుండీ ముంగిట్లో ఉంటే, తాత ముత్తాతలను బ్రతికించిన పంట ఏదో వారికి తెలుస్తుంది. మనం చిన్నచూపు చూసిన గింజకు పరాయివారు పతకం ఇచ్చారు. మన వాకిట్లో దానికి ఒక్క కుండీ చోటు ఇద్దాం.